జగ్గయ్యపేట బిగింపు

శాంతికుమార్ బిగించిన నట్టు ఊడిపోయిందని జగ్గయ్యపేటలో ఎవరూ అనగా నేను వినలేదు. ముక్త్యాల రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని మోటారు సైకిళ్లు బాగుచేసేవాడు. మనిషి పొడుగూ కాదు, లావూ కాదు. మోచేతుల నుంచి కిందికి చూస్తే మాత్రం అవి ఇంకెవరివో తెచ్చి అతికించినట్టుండేవి. అతనితో చెయ్యి కలిపినవాళ్లు తమ చెయ్యి తమకు తిరిగొచ్చాక వేళ్లన్నీ ఒకసారి ఆడించి చూసుకునేవారు.

ఇంట్లో ఆవకాయ సీసా మూత అతను పెట్టాడంటే మళ్లీ అతనే వచ్చి తియ్యాలి. అతను పని మీద విజయవాడ వెళ్లిన ఒక రోజు, వాళ్లమ్మ కొత్తావకాయ సీసా ఎదురుగా పెట్టుకుని ఉత్త మజ్జిగన్నం తిన్నదట. చర్చి దగ్గర కుళాయి కారుతోంది, చూడవయ్యా అని పాస్టరుగారు అంటే వెళ్లి చూశాడు. కారడం ఆగింది. తరవాత దాన్ని తిప్పడం ఎవరి తరమూ కాక నీళ్లు రావడం కూడా ఆగింది.

నేను వత్సవాయి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కాపురం జగ్గయ్యపేటలో, అత్తవారిల్లు నందిగామలో. రోజూ బడికి, శనాదివారాల్లో అత్తవారింటికి, నా బండి ఇంటి దగ్గర ఉండేది తక్కువ. దాని మంచిచెడ్డలన్నీ శాంతికుమార్ చూసేవాడు. పనిమంతుడు, అబద్ధం చెప్పడు, ఉదయం ఇస్తానన్న బండి ఉదయమే ఇస్తాడు. బిగింపు సంగతి ఎప్పుడైనా ఎత్తితే మాత్రం మాట పడనిచ్చేవాడు కాదు.

"నట్టు వదులైతే మనిషి పోతాడు మాస్టారూ. గట్టిదైతే ఏం పోద్ది? మళ్లీ ఇప్పేవాడు నాలుగు తిట్లు తిట్టుకుంటాడు. అంతేగదా" అనేవాడు.

అక్కడే అతను పొరబడ్డాడు. ఆ సంగతి నాకు తెలిసింది నా బండి వల్లే.

బండి ఇంజిన్ అడుగున ఒక బోల్టు ఉంటుంది. పాత ఆయిల్ దించేటప్పుడు దాన్ని విప్పి, దిగిపోయాక మళ్లీ బిగిస్తారు. మా వైపు దాన్ని ఆయిల్ నట్టు అంటారు. ఒకసారి శాంతికుమార్ దగ్గర ఆయిల్ మార్పించుకుని వచ్చాను. మర్నాడు పొద్దున బండి కింద గచ్చు మీద నల్లటి చుక్క కనపడింది. ఆ మర్నాడు ఇంకా పెద్దది. తీసుకెళ్లి చూపించాను. అతను వంగి చూసి, నా మీద కోపం వచ్చినట్టు ముఖం పెట్టాడు.

"నేను బిగించింది కారడమేంది?" అని రింగు పానా తగిలించి, కాలు స్టాండుకు తన్నిపెట్టి ఒక్క లాగు లాగాడు. ముందు కిర్రుమంది. తరవాత పానా వెన్నలోకి కత్తి దిగినట్టు మెత్తగా తిరిగింది.

అతను ఒక క్షణం ఆగాడు. "ఇప్పుడు కూర్చుంది మాస్టారూ" అన్నాడు. నేను నమ్మాను. అతనూ నమ్మాడనే అనుకుంటాను.

ఆ వారం రెండో శనివారం, సెలవు. నందిగామ వెళ్లాను. అత్తవారింటి ముందు బండి పెట్టి, లోపలికి వెళ్లి కాఫీ తాగి వచ్చేసరికి మా అత్తగారు పొద్దున్నే వేసిన ముగ్గు మీద ఆయిల్ మడుగు కట్టింది. అల్లుణ్ని కదా, ఆవిడ ఏమీ అనలేదు. సబ్బుపొడి, చీపురు తెచ్చుకుని తనే కడగడం మొదలుపెట్టింది. నాలుగు మాటలు అన్నా బాగుండేది.

"సొలొమోను లేతుకు తీసుకుపో" అన్నారు మామగారు, గుమ్మంలోంచే.

చందర్లపాడు రోడ్డులో ఆ లేతు షాపు, ఇనుమును తిప్పి కోసే మిషను ఉన్న చోటు. బండిని నెట్టుకుంటూ వెళ్లాను. సొలొమోనుగారు ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. కళ్లలో శుక్లాలు వచ్చినప్పటి నుంచి ఆయన మిషను ముట్టుకోవడం లేదు. లోపల మిషను దగ్గర ఆయన కూతురు కమలాకుమారి పనిచేస్తోంది. ముప్ఫై దాటిన మనిషి. డ్రెస్సు మీద మోకాళ్ల దాకా ఖాకీ కోటు, చున్నీకి బదులు తలకు బిగించి కట్టిన గుడ్డ. తిరిగే మిషనుకు జుట్టూ చున్నీ చిక్కితే ఏమవుతుందో ఆ కట్టు చూస్తే తెలుస్తోంది. బోరు మోటారు షాఫ్టులు, ట్రాక్టరు బుష్షులు చుట్టూ వరసగా పేర్చి ఉన్నాయి.

ఆవిడ వచ్చి బండి కింద చెయ్యి పెట్టి ఆయిల్ నట్టును వేళ్లతో తిప్పింది. అది సీసా మూతలా గిరగిరా తిరిగింది, బయటికి మాత్రం రాలేదు.

"మీది పేటా సార్?" అంది.

"అవునమ్మా."

"ముక్త్యాల రోడ్డా?"

ఎలా తెలిసిందని అడిగాను. ఆవిడ లోపలికి వెళ్లి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు వంచింది. దాని నిండా మరలు చెడిన బోల్టులు. "ఇవన్నీ అక్కణ్నుంచి వచ్చినవే సార్. నాన్నగారు వీటికో పేరు పెట్టారు."

"జగ్గయ్యపేట బిగింపు" అన్నారు సొలొమోనుగారు కుర్చీలోంచి, చాలా గౌరవంగా.

కమలాకుమారి ఆ బోల్టును కొంచెం పీకుతూ కొంచెం తిప్పుతూ బయటికి తీసి, మిగిలిన ఆయిల్ దించింది. చిల్లును కొద్దిగా పెద్దది చేసి, కొత్త మరలు కోసి, అందులోకి స్ప్రింగులాంటి ఉక్కు తీగచుట్ట ఎక్కించింది. ఇక మీదట బోల్టు పట్టుకునేది ఆ ఉక్కు మరలనేనట. పని చేస్తూనే నాకు విడమరిచి చెప్పింది.

"మీ బండి కారింది నట్టు వదులై కాదు సార్. ఇదిగో ఈ వాషరు పాతది. ఒకసారి నలిగిన వాషరు మళ్లీ పట్టదు. దీన్ని మారిస్తే అయిపోయేది. మార్చకుండా ఇంకా బిగిస్తే ఏమవుద్ది? బోల్టేమో ఇనుము. ఇంజిన్ అడుగుండే ఈ చాంబరేమో అల్యూమినియం. ఇద్దరికీ కుస్తీ పెడితే చచ్చేది చాంబరే."

వచ్చేటప్పుడు ఒక మాట కూడా చెప్పి పంపింది. "మీ మెకానిక్‌గారికి చాంబర్ల మీద పాత పగలేమైనా ఉన్నాయేమో నేనడిగానని అడగండి."

ఇంకొకరైతే ఆ మాటను కడుపులో దాచుకునేవారేమో. నేను సోమవారం బడి నుంచి వస్తూ నేరుగా షెడ్డు దగ్గర ఆగి, బోల్టుల డబ్బా సంగతితో సహా చెప్పేశాను. శాంతికుమార్ చేతులు తుడుచుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఎవరన్నారీ మాట?"

"సొలొమోనుగారి అమ్మాయి."

"లేతు మీద అమ్మాయి పనిచేస్తదా?"

"అమ్మాయే చేస్తోంది. బాగా చేస్తోంది."

అతను గుడ్డను మేకుకు తగిలించాడు. నేను బండి తీస్తుంటే వెనక నుంచి పిలిచి, "నేను బిగించినవాటిల్లో ఊడిపడ్డది ఒక్కటన్నా ఆ డబ్బాలో ఉందేమో అడగండి మాస్టారూ" అన్నాడు.

అడిగాను. "ఊడవు సార్. ఊడాలంటే ముందు తిరగాలి గదా" అంది కమలాకుమారి. ఆ మాట ఇటు తెచ్చాను. "అన్ని మాటలు చెప్పే మనిషి ఒకసారి వచ్చి నా షెడ్డులో నిలబడమనండి, ఎన్ని బళ్లొస్తయ్యో తెలుస్తది" అన్నాడు శాంతికుమార్. ఆ మాట అటు పట్టుకెళ్లాను. "వచ్చే బళ్లలో సగం ఆ తరవాత నా దగ్గరికే వస్తన్నయ్యి, నాకు తెలుసని చెప్పండి" అందావిడ. ఇలా కొన్ని వారాలు నడిచింది. మా ఆవిడ సంయుక్త నన్ను నిలదీసింది, మీరు నందిగామ వెళ్లేది మా వాళ్లను చూడ్డానికా, లేతు షాపుకా అని.

చివరికి ఒక శనివారం నేను బయల్దేరుతుంటే శాంతికుమార్ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని మా ఇంటి ముందు నిలబడి ఉన్నాడు.

"నేనూ వస్తా మాస్టారూ. మాటలు మోసీ మోసీ మీకూ అలుపొచ్చి ఉంటది."

వెనక కూర్చున్నాడు. చిల్లకల్లు దాటి హైవే ఎక్కాక కూడా చొక్కా ముడతలు సరిచేసుకుంటూనే ఉన్నాడు. అతను ఏం అనబోతున్నాడో, దానికి ఆవిడ ఏం అంటుందోనని నాకు గుబులుగానే ఉంది.

షాపులోకి వెళ్లగానే ముందు సొలొమోనుగారికి నమస్కారం పెట్టాడు. కమలాకుమారి కోటుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను ఎవరికి ఎవరిని పరిచయం చేయాలా అని చూస్తుండగానే ఆవిడ అతని చేతుల వైపు చూసింది.

"మీరేనా?" అంది.

"నేనేనండి."

నేను ఊహించినట్టు ఆవిడ వెక్కిరించలేదు. మూలనున్న పాత ఇంజిన్ చాంబరు ఒకటి తెచ్చి బల్లకు బిగించి, బోల్టు, వాషరు, రింగు పానా అతని ముందు పెట్టింది. "మీరు రోజూ ఎట్టా బిగిస్తారో అట్టాగే బిగించండి. నేను చూస్తా. నేర్పడానికి కాదు, చూడ్డానికే."

అతను బోల్టు పెట్టి పానా తగిలించాడు. బిగిసింది. ఇంకొంచెం లాగాడు. ఇంకొంచెం. నా బండి దగ్గర విన్న అదే కిర్రు, ఆ తరవాత అదే మెత్తదనం. అతను చెయ్యి తీసేశాడు. కమలాకుమారి బోల్టును బయటికి లాగి అతని అరచేతిలో పెట్టింది. బోల్టు మరల చుట్టూ వెండి తీగలాంటిది మెలికలు మెలికలుగా చుట్టుకుని ఉంది.

"ఇది బోల్టుది కాదండి. చాంబరు లోపలి మర. మొత్తం ఊడి దీంతో పాటు వచ్చేసింది. కూర్చుంది అని మీకు అనిపించేది ఇప్పుడే."

శాంతికుమార్ ఆ తీగను బొటనవేలితో చాలాసేపు తడిమాడు. తరవాత ఎవరూ అడగకుండానే, నేను ఇన్నేళ్లలో ఎన్నడూ వినని సంగతి ఒకటి చెప్పాడు.

అతను పని నేర్చుకున్నది బళ్ల దగ్గర కాదు, హైవే పక్కన లారీల షెడ్డులో. సిమెంటు లారీలు, సున్నపురాయి లారీలు వచ్చేవి. చక్రాల నట్లు బిగించాలంటే పానాకు ఇనప గొట్టం తొడిగి, దాని మీద ఎక్కి నిలబడి ఊగాలి. ఒక మధ్యాహ్నం అతనితో పాటు పనిచేసే మనిషి చక్రం మార్చి నట్లు పైపైన తిప్పి, అన్నానికి పిలుస్తున్నారని వెళ్లిపోయాడు. డ్రైవరు చూసుకోకుండా లారీ తీశాడు. కొంతదూరం పోయాక చక్రం ఊడి, లారీని దాటుకుని, రోడ్డు దిగి పత్తి చేలోకి పోయింది. చేలో ఆడవాళ్లు పత్తి తీస్తున్నారు. శాంతికుమార్ షెడ్డులోంచి అరుచుకుంటూ పరుగెత్తాడు. చక్రం ఒక మనిషి పక్కగా, ఆవిడ ఒళ్లో పత్తి ఎగిరిపోయేంత దగ్గరగా దొర్లి, గట్టుకు కొట్టుకుని పడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ చీర దులుపుకుని మళ్లీ పత్తి తియ్యసాగింది.

"ఆవిడకి భయం లెయ్యలేదు. నాకే లేచింది" అన్నాడు శాంతికుమార్. "ఆ పూట అన్నం సయించలా. అప్పట్నుంచీ పానా పడితే ఆపడం నా చేతకావట్లా. ఇంకొంచెం, ఇంకొంచెం అనిపిస్తది."

సొలొమోనుగారు కుర్చీని కొంచెం ముందుకు జరుపుకున్నారు.

"లారీ చక్రానికి ఆ బిగింపు కావాల్సిందేనండి. మీరు నేర్చుకున్నదాంట్లో తప్పు లేదు" అంది కమలాకుమారి. ఆవిడ గొంతు అప్పటి దాకా నాతో మాట్లాడిన గొంతులా లేదు. "ఇక్కడ ఆయిల్‌ని ఆపేది బలం కాదు, వాషరు. కొత్త వాషరు వేసి, అది నలిగేంత బిగిస్తే చాలు. నట్టు ఎక్కడికీ పోదు. కావాలంటే నేర్చుకుందురుగాని."

ఇంతలో ఆవిడ తల్లి లూర్దమ్మ క్యారియరు పట్టుకుని వచ్చింది. కొత్త మనిషి చేతిలో బోల్టు పెట్టుకుని దిగులుగా నిలబడి ఉండడం చూసి, కూతురేదో అనేసిందని అనుకున్నట్టుంది. "అన్నం తిని పోదువుగాని బాబూ, చేపల పులుసు చేశా" అంది. అతను కాదనలేదు. నేను అత్తవారింటికి వెళ్లిపోయాను.

సాయంత్రం అతన్ని ఎక్కించుకుపోదామని వచ్చేసరికి అతని రింగు పానా సగానికి తెగి ఉంది. లారీల షెడ్డులో గురువు ఇచ్చిన పానా అది, ఎక్కడికి వెళ్లినా సంచిలో ఉండేది. "పొడుగు పానా చేతిలో ఉంటే మీ చెయ్యి ఊరుకోదండి, పొట్టిదైతే ఎంత లాగినా అంతకు మించి బలం పడదు. కోసెయ్యనా?" అని ఆవిడ అడిగిందట. అతను కళ్లు మూసుకుని కోసెయ్యమన్నాడట. దారి పొడుగునా ఆ పొట్టి పానాను జేబులోంచి తీసి చూసుకుంటూనే ఉన్నాడు. బాధగా ఉందేమోనని అడిగితే, బాగానే ఉంది మాస్టారూ అన్నాడు.

ఆ తరవాత శనివారాలు అతను నాకోసం ఆగడం మానేశాడు. నాకంటే ముందే వెళ్లిపోయేవాడు. పని మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. ఇంజిన్ కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్ దించడం, చిల్లు చుట్టూ గుడ్డతో శుభ్రంగా తుడవడం, కొత్త వాషరు వేసి బోల్టును ముందు వేళ్లతోనే ఎక్కించడం. వేళ్లకు ఎక్కకపోతే మర అడ్డం పడినట్టే, పానా వేసి బలవంతపెట్టకూడదు, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. చివరికి వేళ్లకు ఆగాక పొట్టి పానాతో, అరచెయ్యి వెయ్యకుండా మూడు వేళ్లతో, వాషరు నలిగిన మెత్తదనం తెలిసేదాకా. ఆ మెత్తదనం అతని చేతికి తెలియడానికి చాలాకాలం పట్టింది. పాత చాంబర్లు ఎన్ని పాడుచేశాడో సొలొమోనుగారు నవ్వుతూ చెప్పేవారు. తరవాత ఎంత బిగించాలో పెడితే అంతకు రాగానే టిక్కుమనే రెంచి కూడా కొనుక్కున్నాడు. ముందు చేత్తో బిగించి, దాంతో సరిచూసుకుని, తన చెయ్యి ఒప్పయినప్పుడల్లా తలాడించుకునేవాడు.

తన షెడ్డుకు వచ్చిన ప్రతి బండినీ ఆపి, "మీ ఆయిల్ నట్టు ఒకసారి చూడనియ్యండి. ఎనకట నేను ఎక్కువ బిగించా" అని తనే చెప్పేవాడు. చెడినవాటిని నందిగామ తీసుకెళ్లి బాగుచేయించి తెచ్చేవాడు. కొంతకాలానికి బాగున్న బళ్లు కూడా నందిగామ వెళుతున్నాయని నేను కనిపెట్టాను. లెక్కల మాస్టారిని కాబట్టి తేడా తెలిసింది, మర్యాదస్తుణ్ని కాబట్టి ఊరుకున్నాను.

అంతా బాగుందనుకుంటుండగా భవానీప్రసాద్‌గారి బండి సంగతి జరిగింది. ఆయన వత్సవాయి రైతు. పత్తి, వరి వేస్తారు. శాంతికుమార్ దగ్గర ఆయిల్ మార్పించుకుని, మర్నాడు విజయవాడ బయల్దేరారు. కీసర దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ గరగరమంది, కాలిన వాసన వచ్చింది. ఆయన వెంటనే ఆపి వంగి చూస్తే ఆయిల్ నట్టు ఉండాల్సిన చోట చిల్లు ఉంది. చుక్క ఆయిల్ లేదు. బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని జగ్గయ్యపేట తెచ్చారు.

"నట్టు ఎక్కడో పడిపోయిందయ్యా శాంతీ" అన్నారట, ఆయన మామూలుగా మాట్లాడే నెమ్మదితోనే.

శాంతికుమార్ బండి కిందికి వంగి ఆ చిల్లులో వేలు పెట్టి చూశాడు. ఆయన ఇంకేమీ అనకుండా భుజం తట్టి వెళ్లిపోయారు. మర్నాడు షెడ్డు తెరవలేదు. వత్సవాయిలో భవానీప్రసాద్‌గారే బడి ముందు ఆగి నాకీ సంగతి చెప్పి, ఒకసారి కుర్రాణ్ని చూడండి మాస్టారూ, బాగా బెదిరిపోయాడు అన్నారు.

ఇంటికి వెళితే మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "చూశారా మాస్టారూ. నా పాత పద్ధతే మంచిది. ఎప్పుడన్నా ఊడిందా? మెత్తగా బిగించమన్నారు, బిగించా, ఊడింది. హైవే మీద ఆ ఇంజిన్ పట్టేస్తే ఆయనేమైపోయేవాడు? నాకీ పని వొద్దు. లారీల షెడ్డుకే పోతా" అన్నాడు. దిండు పక్కన ఫోను మోగుతోంది. తెర మీద పేరు కనపడుతూనే ఉంది. అతను ఎత్తలేదు.

బయటికి వచ్చేసరికి ఆ ఫోను నాకే వచ్చింది. "ఏమైంది మాస్టారూ?" అంది కమలాకుమారి. చెప్పాను. విని, "మీరు అక్కడే ఉండండి. నేనొస్తున్నా" అంది.

ఖాకీ కోటు మీదే బస్సు దిగి నేరుగా షెడ్డుకు వచ్చింది. నేను వెళ్లి శాంతికుమార్‌ను దాదాపు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆవిడ అప్పటికే బండి కిందికి వంగి, చిల్లులోకి లైటు వేసి చూస్తోంది.

"మర శుభ్రంగా ఉంది. ఒక్క గీత కూడా పోలా. వదులుగా బిగించిన నట్టు ఊడినా ఇంత తొందరగా ఊడదు. ఆ రోజు ఏం చేశారో వరసగా చెప్పండి."

"ఆయిల్ దించా. తుడిచా. కొత్త వాషరే ఏసా. వేళ్లతో ఎక్కించా. పానా తీసుకున్నా..."

"తీసుకున్నారా?"

అతను ఆలోచించాడు. "తీసుకోబోయా. ఫోనొచ్చింది."

"ఎవరు?"

అతను శుభ్రంగా ఉన్న చేతులే గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఎంతసేపు మాట్లాడారు?"

మళ్లీ తుడుచుకున్నాడు. ఆవిడ లేచి నిలబడింది. "ఆ ఫోను నాదా?"

శాంతికుమార్ తల ఊపాడు. ఆవిడ వాషర్లు వచ్చాయా అని అడగడానికి చేసిందట. వాషర్ల నుంచి మాట లూర్దమ్మ మోకాళ్ల నొప్పులకు, అక్కణ్నుంచి ఇంకా ఎక్కడెక్కడికో వెళ్లిందట. ఫోను పెట్టేశాక అతను హుషారుగా కొత్త ఆయిల్ పోసి, బండి స్టార్టు చేసి, తుడిచి ఇచ్చేశాడు.

"అంటే మీరు వదులుగా బిగించలేదు. అసలు బిగించనే లేదు" అంది కమలాకుమారి. ఆవిడకు నవ్వు ఆగలేదు. కోటు చేత్తో నోరు మూసుకుంది. కాసేపటికి శాంతికుమార్ ముఖంలో కూడా ముడి విడింది. తన చెయ్యి తప్పు చేయలేదు, తన ధ్యాస తప్పు చేసింది. దానికి ఒక ఉపాయం ఉంటుంది.

"పనిలో ఉన్నప్పుడు ఎవరి ఫోనూ ఎత్తొద్దు. నాది కూడా" అందావిడ.

"మీ ఫోను ఎత్తకుండా ఉండలేను" అన్నాడు అతను. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు.

నేను రోడ్డు మీద పోయే ఆటోలను చాలా శ్రద్ధగా చూశాను.

భవానీప్రసాద్‌గారు వెంటనే ఆపబట్టి ఇంజిన్ పెద్దగా చెడలేదు. ఆదివారం ఎవరి చర్చి వాళ్లు చూసుకుని వచ్చి, ఇద్దరూ కలిసి ఇంజిన్ విప్పి, గీతలు పడిన చోట్లు సరిచేసి మళ్లీ కూర్చారు. నట్టు బిగించాక దాని మీది నుంచి చాంబరు మీదికి పసుపు పెయింటుతో ఒక గీత గీసింది కమలాకుమారి. గీత లేని బండి షెడ్డు దాటకూడదని నియమం. గీత కలిసి ఉన్నంత కాలం నట్టు కదలలేదని చూసినవాడెవడికైనా తెలుస్తుంది. భవానీప్రసాద్‌గారు వచ్చి బండి తీసుకుని, శాంతికుమార్ ఏదో చెప్పబోతే వినలేదు. "మనుషులంగదయ్యా. మరుపు ఉంటది" అని కిక్కు కొట్టి వెళ్లిపోయారు.

ఒకనాడు సొలొమోనుగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "మాస్టారూ, ఇన్నాళ్లూ ఇక్కడి మాటలు అక్కడికీ, అక్కడివి ఇక్కడికీ మోశారు. ఇదొక్కటి కూడా మోయండి. మా అమ్మాయిని ఆ అబ్బాయికి ఇవ్వాలని ఉంది."

అబ్బాయీ అమ్మాయీ ఒప్పుకున్నారని వేరే చెప్పాలా. చిక్కు తల్లుల దగ్గర వచ్చింది. అమ్మాయివాళ్లు ఆర్సీఎం, అంటే రోమన్ కాథలిక్కులు. అబ్బాయివాళ్లు బాప్టిస్టులు. "వాళ్లు మరియ తల్లికి దణ్ణం పెట్టరంట గదండీ" అంది లూర్దమ్మ. "వాళ్లు బొమ్మల ముందు కొవ్వొత్తులు ముట్టిస్తారంట గదయ్యా" అంది శాంతికుమార్ తల్లి. రెండు పక్కలా నన్నే న్యాయం చెప్పమన్నారు. ఏ చర్చి గుమ్మమూ తొక్కని నేను ఏం చెప్పగలను? కమలాకుమారి విసుగెత్తి, ఇద్దరు తల్లులనూ ఒకచోట కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. లోపల ఏం మాట్లాడుకున్నారో గాని, తలుపు తీసేసరికి ఇద్దరూ చిన్నతనంలో వత్సవాయి చేలల్లో మిరపకాయలు కోసినవాళ్లేనని, ఒకే మేస్త్రి తిట్లు తిన్నారని తేలింది. ఆ మేస్త్రి నడకను లూర్దమ్మ అనుకరించి చూపిస్తుంటే శాంతికుమార్ తల్లి కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వుతోంది. పెళ్లి నందిగామ చర్చిలో ఫాదరుగారు చేశారు. విందు దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేశారు.

కాపురం ఎక్కడన్న ప్రశ్న శాంతికుమారే తేల్చాడు. "లేతు మిషను కాంక్రీటులో దిగేసి ఉంది. నా పానాలు ఒక్క సంచిలో పడతయ్యి. సంచిలో పట్టేవాడే కదలాలి" అని తల్లిని తీసుకుని నందిగామ వెళ్లిపోయాడు. లేతు పక్కనే షెడ్డు వేశాడు. జగ్గయ్యపేటలో చాలామందికి మెకానిక్ పోయాడు. నేను మాత్రం ఆయిల్ మార్చాలన్న నెపంతో అక్కడికే వెళుతున్నాను. సంయుక్తకు ఇప్పుడు అభ్యంతరం లేదు.

మొన్న ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు వెళ్లాలని లూర్దమ్మ పట్టుబట్టింది. బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. శాంతికుమార్ అత్తగారిని బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. బండి మీద అంతదూరం వెళ్లడం ఆవిడకు అదే మొదటిసారి. పరిటాల దగ్గర ఆపి చెరుకురసం తాగించాడట. కొండ మెట్ల దగ్గర ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని వెంట ఎక్కాడట. పైన కాసేపు చేతులు కట్టుకుని నిలబడి, చివరికి తనకూ ఒక కొవ్వొత్తి ఇవ్వమని అడిగాడట. ఇదంతా లూర్దమ్మ వీధి వీధంతా చెప్పుకుంది.

పోయిన వారం వెళ్లేసరికి లేతు మిషను ముందు సొలొమోనుగారు నిలబడి ఉన్నారు. కళ్లకు ఆపరేషన్ అయింది, కొత్త అద్దాలు వచ్చాయి. కమలాకుమారి కాస్త దూరంగా కుర్చీలో కూర్చుని ఉంది. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరుగారు చెప్పారట, కాన్పుకు ఇంకా నాలుగు నెలలట. చేతిలో లూర్దమ్మ కోసి ఇచ్చిన జామకాయ ముక్కల గిన్నె. ఆవిడ కళ్లు మాత్రం మిషను మీదే ఉన్నాయి.

"నాన్నా, కాస్త లోపలికి. ఇంకాస్త. చాలు, చాలు" అంటోంది.